చివరి పది రోజుల సెలవు చేతికి రాకపోతే స్టేజి ఎక్కొద్దు

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి, రాజురా, బల్లార్‌పూర్ వైపు మన తెలుగిండ్లలో పోలీసు భరతీకి (నియామకాలకు) తయారయ్యే పిల్లలు చాలామంది. 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, 7.26 కిలోల గుండు. ఈ మూడింటి కోసం తెల్లారకముందే మైదానానికి పోవడం అలవాటైన ఒళ్లు ఉద్యోగం వచ్చాక ఊరికే ఉండలేదు. జిమ్ము పట్టుకుంటుంది. రెండు మూడేళ్లకు భుజాలు తేరుతాయి, దోస్తులు ఎగదోస్తారు, జిల్లా స్థాయి బాడీబిల్డింగ్ ‘శ్రీ’ పోటీకి పేరిస్తారు. మనసులో మహారాష్ట్ర శ్రీ ఉంటుంది. ఇంకా లోపల పోలీసు క్రీడల్లో ఒక పతకం ఉంటుంది.

ఆ కోరికలో తప్పేమీ లేదు. అఖిల భారత పోలీసు పోటీల్లో బాడీబిల్డింగ్ ఉంది. రెండేళ్లకోసారి జరిగే ప్రపంచ పోలీసు, ఫైర్ క్రీడల్లోనూ ఉంది. 2029లో అవి అహ్మదాబాద్‌కు వస్తున్నాయి. అందుకే “ఖాకీ వేసుకునేటోనికి స్టేజి మీద పోజులెందుకు” అనే పెద్దల మాట నేను ఒప్పుకోను. “పోలీసోడికి కండలుంటే జనం భయపడతరు, డ్యూటీకే లాభం” అనే జిమ్ము మాట కూడా ఒప్పుకోను. పోటీకి ఎండబెట్టిన ఒళ్లు డ్యూటీకి పనికిరాదు. ఈ రెండూ ఒకే వారంలో ఒకే మనిషి మోయగలిగేవి కావు. మోయగలనని మొండికేస్తే ప్రమాదం అతనొక్కడికే కాదు, పక్కన నిలబడ్డ జోడీదారుకు కూడా.

స్టేజి మీద నిలబడ్డ రోజు ఆ ఒళ్లు ఇనుము లెక్క కనబడుతుంది. లోపల మాత్రం ఏడాది మొత్తంలో అంత బలహీనంగా ఎన్నడూ ఉండదు. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో మందులు వాడని ఒక బాడీబిల్డర్‌ను పోటీకి ముందు ఆరు నెలలు, తర్వాత ఆరు నెలలు కొలుస్తూ పోయారు. ఒంట్లో కొవ్వు 14.8 శాతం నుంచి 4.5 శాతానికి దిగింది. దాంతోపాటే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను మిల్లీలీటరు రక్తంలో 9.22 నుంచి 2.27 నానోగ్రాములకు పడిపోయింది, గుండె నిమిషానికి 53 సార్లు కొట్టుకునేది 27కు తగ్గింది, బలం తగ్గింది, మనసు చెదిరింది. ఒక్క మనిషి లెక్కే కావచ్చు, కానీ పోటీకి తయారైన ఎవరినైనా ఆఖరి మూడు వారాల్లో దగ్గర నుంచి చూడండి: మెట్లెక్కితే తొడలు వణుకుతాయి, అడిగిన మాట రెండోసారి అడిగితే తప్ప బుర్రకెక్కదు, చిన్నమాటకు కోపం. ఆ స్థితిలో ఉన్న మనిషికి నాలుగు కిలోల పైచిలుకు రైఫిలిచ్చి నాకాబందీకి నిలబెట్టడం న్యాయమా? తాగి గొడవ చేసేవాడిని ఓపికగా సముదాయించాల్సిన వేళ అతని ఓపిక ఎక్కడి నుంచి రావాలి?

కాబట్టి నా నియమం ఇది. పోటీకి ముందు చివరి పది రోజులు సెలవు మంజూరై కాగితం చేతిలో ఉండాలి. దానికి ముందు రెండు వారాలు ఆయుధం లేని పని, అంటే ఠాణాలో రాతపనో, వైర్‌లెస్సో, కోర్టు కాగితాల పనో ఉండాలి. ఈ రెండూ కుదరని ఏడాది పోటీ మానాలి. భామ్రాగఢ్, ఏటపల్లి వైపు అడవి పోస్టుల్లో ఉన్నవాళ్లు ఆ పోస్టింగ్ అయ్యేదాకా ఆలోచనే పెట్టుకోవద్దు. అక్కడ కూంబింగ్ ముందు చెప్పి రాదు, మలేరియా అసలే చెప్పి రాదు. మహారాష్ట్ర పోలీసు చట్టం, 1951లోని 28వ సెక్షన్ పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్కగడుతుంది. అంటే మంజూరైన సెలవు కూడా రద్దు కావచ్చు. రద్దయిన పూటే పోటీ వదిలేసి కడుపునిండా తినడం మొదలుపెట్టేంత మనసు గట్టిగా ఉన్నవాడే ఈ పనికి దిగాలి.

సెలవు దొరకదు కదా అంటారు. అడగాల్సిన నెల తెలియకపోతే దొరకదు. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల బందోబస్తు ఏడాది ఒకసారి గోడ మీద రాసుకోండి. భాద్రపదంలో గణపతి నిమజ్జనం. ఆ వెంటనే దసరా. అక్టోబర్ 15, 16 తేదీల్లో చంద్రపూర్ దీక్షాభూమి దగ్గర ధమ్మచక్ర కార్యక్రమం. డిసెంబర్‌లో నాగ్‌పూర్ అసెంబ్లీ శీతాకాల సమావేశాలు, చుట్టుపక్కల జిల్లాల బలగమంతా అక్కడికే. డిసెంబర్ 31 రాత్రి. మహాశివరాత్రికి మార్కండా జాతర. ఆ తర్వాత హోళీ, చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతర, ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి. గడ్చిరోలిలో దీనికి తోడు జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా ఒక వారం, డిసెంబర్ 2 నుంచి 8 దాకా ఇంకో వారం మావోయిస్టుల వారోత్సవాల వల్ల అప్రమత్తంగా ఉండాల్సినవి. ఇదంతా రాసి చూస్తే చలికాలంలో ఒక్క సందు కనబడుతుంది: జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి తొలి వారం దాకా. ఏడాదికి ఒక్క పోటీ, అదీ ఆ సందులోనే. ఫిబ్రవరిలో ఇంకొకటి, మార్చిలో మరొకటి అని పేర్లిస్తూ పోయేవాళ్లు ఎండిన ఒంటితోనే మార్కండా జాతరలో నిలబడాల్సి వస్తుంది. సెలవు దరఖాస్తు అక్టోబర్‌లోనే ఠాణేదార్ సారు బల్ల మీద పెట్టాలి. పోటీ పేరు, తేదీ, నిర్వాహకుల పత్రం జతచేసి. జనవరిలో పరుగెత్తుకుంటూ పోయి అడిగితే ఏ అధికారైనా కాదనే అంటాడు, అతన్ని తప్పుపట్టలేం.

జనవరి నాలుగో ఆదివారం పోటీ అనుకుంటే అక్టోబర్ మొదటి వారం నుంచి పదహారు వారాలు. అందులో నాగ్‌పూర్ సమావేశాల రెండు వారాలు బరువు తగ్గించే పని ఆపేయాలి. అక్కడ పెట్టింది తింటూ, ఉన్న బరువు నిలబెట్టుకుంటే చాలు. బస చోట వంట ఉండదు, నిద్ర సరిగ్గా ఉండదు. ఆ రోజుల్లో పస్తుంటే కొవ్వు కంటే కండే ముందు కరుగుతుంది. మిగిలినవి పద్నాలుగు వారాలు. 70 కిలోల విభాగంలో నిలబడే మనిషి అక్టోబర్‌లో 77, 78 కిలోలకు మించి ఉండకూడదు. ఎనిమిది కిలోలు పద్నాలుగు వారాల్లో అంటే వారానికి 570 గ్రాములు, ఒంటి బరువులో ముప్పావు శాతం. అది పోలీసు ఉద్యోగంతో కుదిరే వేగం. 85కు పెరిగి 70కి దిగుతానంటే వారానికి కిలోకు పైగా దించాలి. ఆ వేగానికి ఈ ఉద్యోగంలో చోటు లేదు. అందుకే మిగతా ఏడాది అంతా ‘బల్కింగ్’ పేరుతో పొట్ట పెంచే అలవాటు పోలీసుకు అసలే వద్దు. బెల్టు రంధ్రం ఒకటి మారితే అక్కడే ఆగాలి.

తిండి లెక్క. 77 కిలోల మనిషి మామూలు డ్యూటీ రోజున 2,800 కెలోరీల దాకా ఖర్చుపెడతాడనుకుందాం. 600 కోస్తే 2,200. అందులో దాదాపు 160 గ్రాముల ప్రొటీన్ ఇలా వస్తుంది: రెండు గుడ్లు, ఐదు తెల్లసొనలు కలిపి 30, తోలు తీసిన చికెన్ రొమ్ముభాగం పచ్చిది 250 గ్రాములకు 55, పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడి ఒక స్కూపుకు 24, వేయించిన శనగలు 60 గ్రాములకు 12, పెరుగు 300 గ్రాములకు 10, కందిపప్పు 40 గ్రాములకు 9, నూరు గ్రాముల జొన్నపిండి రొట్టెలకు 10, నూరు గ్రాముల బియ్యానికి 7. పైన నూనె 25 గ్రాములకు మించకుండా, ఆకుకూర ఎంతైనా. గోదావరి చేప దొరికే సిరోంచ వైపు చికెన్‌కు బదులు చేపే మేలు, ధర కూడా అందుతుంది. విదేశీ ఓట్సు, బ్రోకలీ కోసం నాగ్‌పూర్‌కు మనిషిని పంపే అవసరం ఏమీ లేదు. జొన్నరొట్టె, పప్పు, గుడ్డుతో అయ్యే పనే ఇది.

ఇంట్లో తిన్నంత సేపు లెక్క కుదురుతుంది. చెడేది డబ్బా దగ్గర. పొద్దున ఆరింటికి కట్టిన చికెన్, అన్నం డబ్బా బందోబస్తు వ్యాన్‌లో సీటు కింద పడి ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి మూత తీస్తే వాసన బాగానే ఉంటుంది, అన్నం మాత్రం వేళ్లకు కాస్త జిగటగా తగులుతుంది. ఆ జిగట తగిలినా తగలకపోయినా పారేయాల్సిందే. వండిన అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా విషం వదులుతుంది, దాన్ని మళ్లీ వేడి చేసినా పోదు. ఎండ 32 డిగ్రీలు దాటితే వండిన మాంసం, ఉడికించిన గుడ్డు బయట గంటకు మించి ఉంచకూడదు. చంద్రపూర్‌లో మే నెలలో 47 దాకా పోతుంది. వాంతులు, విరేచనాలతో ఒక్కరోజులో పోయేది మూడు వారాల కష్టం. బందోబస్తు సంచిలో చెడనివే పెట్టుకోండి: వేయించిన శనగలు, పల్లీలు కొంచెం, తడి లేని జొన్నరొట్టెలు, పొడి సీసాలో వే (తాగేముందే నీళ్లు కలపాలి, కలిపి ఉంచితే రెండు గంటల్లో పులుస్తుంది), రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు. పెద్ద పొట్లం 20.5 గ్రాములు, సరిగ్గా లీటరు నీళ్లకు. గ్లాసులో సగం పొట్లం పోసుకుని తాగడం తప్పు. చిక్కటి ఉప్పునీళ్లు పేగుల్లోకి నీరు లాగి విరేచనం చేస్తాయి.

ఎండ సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే జిమ్ము పుస్తకాల్లో ఇది ఉండదు. బరువైన ఒళ్లు వేడిని ఎక్కువ పుట్టిస్తుంది, ఆ వేడి బయటికి పోవడానికి ఉండే చర్మం మాత్రం ఆ లెక్కన పెరగదు. అదే ఎండలో అరవై కిలోల సన్నటి సిపాయి నిలబడ్డట్టు తొంభై కిలోల కండలాయన నిలబడలేడు. డ్యూటీకి ముందు, తర్వాత తూకం చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. లీటరుంపావు నుంచి లీటరున్నర నీళ్లు ఉప్పుతో సహా తిరిగి పోయాలి. ఉప్పు వేసిన పలుచటి సల్ల దీనికి చక్కగా పనికొస్తుంది. బరువు తగ్గిందని సంతోషపడి నీళ్లు తాగకుండా ఉండేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. అది కొవ్వు కాదు, రక్తంలో నీరు.

విదర్భ తూర్పు వైపున ఇంకో మాట ప్రాణానికి సంబంధించినది. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉన్న కుటుంబాలు ఎక్కువ. జబ్బు పైకి కనబడకుండా జన్యువు ఒక్కటే మోస్తున్నవాళ్లు పోలీసులో చేరి ఏళ్లుగా బాగానే ఉంటారు. అలాంటి ఒంటికి మూడూ కలిసి వస్తే, అంటే విపరీతమైన కసరత్తు, వేడి, నీళ్లు లేకపోవడం కలిస్తే, ఎర్ర కణాలు కొడవలి ఆకారానికి తిరిగి కండకు రక్తం అందదు, మనిషి కూలిపోతాడు. పోటీకి ముందు కండ తేలి కనబడాలని నీళ్లు మానడమంటే ఆ మూడింటినీ పిలిచి తెచ్చుకోవడమే. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో ప్రభుత్వ దవాఖానాల్లో పరీక్ష చేస్తారు. పోటీకి పేరివ్వకముందే ఆ కార్డు తీసుకోండి. జన్యువు ఉందని తేలితే పోటీ మానక్కర్లేదు, నీళ్లు మానే పద్ధతి మాత్రం జీవితంలో ముట్టొద్దు.

అసలు ఎవరికైనా ఆ పద్ధతి ఎందుకు? కండలో నాలుగింట మూడు వంతులు నీరే. ఒక గ్రాము గ్లైకోజెన్ (కండలో నిల్వ ఉండే పిండిపదార్థం) దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. నీళ్లు మానితే చర్మం కిందిదే కాదు, కండలోదీ పోతుంది. ఒళ్లు చప్పగా, అణిగినట్టు కనబడుతుంది. చివరి రెండు రోజుల్లో అన్నం పెంచి నీళ్లు ఆపితే ఆ అన్నం కండలోకి చేరదు, పొట్టలోనే ఉబ్బుతుంది. స్టేజి మీద పోయేవాళ్లలో చాలామంది ఓడేది ఇక్కడే, ఓడి “ఇంకా నీళ్లు తియ్యాల్సింది” అనుకుంటారు. నీళ్లు మామూలుగానే తాగండి, ఉప్పు మామూలుగానే తినండి, అన్నం మాత్రం చివరి రెండు రోజులు కిలో బరువుకు 7 గ్రాముల పిండిపదార్థం వచ్చేలా పెంచండి. ఇంత చాలు. నీరు తీసే మాత్రల జోలికి మాత్రం పోవద్దు. 1992లో మొహమ్మద్ బెనజిజా ఒక పోటీ అయిన కొద్ది గంటలకే పోయాడు. 1996లో ఆండ్రియాస్ మున్జర్ 31 ఏళ్లకే పోయాడు. ఇద్దరూ ప్రపంచ స్థాయి వాళ్లే, ఇద్దరి పేర్లూ ఇలాంటి మందుల గురించి మాట్లాడినప్పుడల్లా వస్తాయి.

స్టెరాయిడ్ల గురించి ఆరోగ్యం కోణంలో అందరూ రాస్తారు. పోలీసుకు అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. చీటీ లేకుండా జిమ్ము వెనక గదిలో కొన్నారంటే, రేపు పట్టుకోవాల్సిన మనిషికి ఇవాళ మీరు గిరాకీ అయ్యారు. అతని ఫోన్‌లో మీ నంబరు ఉంటుంది, మీ ఆర్డరు ఉంటుంది. ఆ తర్వాత మీ లాఠీ ఎవరి చేతిలో ఉన్నట్టు? స్పాన్సరు సంగతీ అంతే. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015 నుంచి 2021 దాకా ఉండింది. దొంగసారా, రేతి (ఇసుక), ఈ రెండు దందాల డబ్బు ఊళ్లో ఏ పండుగకైనా ముందు చేరుతుంది. పోటీ బ్యానర్ మీద ఎవరి ఫోటో ఉందో చూసుకోకుండా నగదు బహుమతి తీసుకునే సిపాయి తర్వాత ఆ మనిషి ట్రక్కు ఆపలేడు. ఉచిత ప్రొటీన్ డబ్బాలు ఇస్తామనే దుకాణంవాళ్లకు కూడా ఇదే జవాబు. జీతం మీద ట్రైనింగు ఇవ్వడం, సప్లిమెంట్లు అమ్మడం, ప్రకటనల్లో కనబడటం ముందస్తు అనుమతి లేకుండా చేయకూడదు. 1979 నాటి మహారాష్ట్ర సివిల్ సర్వీసెస్ నడవడి నియమాలు ప్రైవేటు వ్యాపారాన్ని అలా వదిలేయవు. యూనిఫారంలో కండ బిగించి ఫోటో దిగి ఏ కంపెనీ పేరూ పెట్టొద్దు.

ఇక కసరత్తు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, శనివారం కాళ్లు అనే పద్ధతి ఠాణా ఉద్యోగికి పనిచేయదు. మూడు శనివారాలు వరసగా బందోబస్తు పడితే మూడు వారాలు కాళ్లు మూలనపడతాయి, అక్కడే చాలామంది పోలీసు బాడీబిల్డర్ల తొడలు సన్నంగా ఉండిపోతాయి. వారం లెక్క వదిలి వరుస లెక్క పెట్టుకోవాలి. ఒకటో రోజు పైభాగం, రెండో రోజు కింది భాగం, మూడు మళ్లీ పైభాగం, నాలుగు మళ్లీ కింది భాగం. ఏ రోజు ఖాళీ దొరికితే ఆ రోజు వరుసలో తర్వాతిది. ఒక్కో కండకు వారానికి పది సెట్లు పడితే పెరుగుతుంది. బందోబస్తు నెలల్లో దానిలో మూడో వంతు చేసినా ఉన్నది పోదు, ఎత్తే బరువు మాత్రం తగ్గించొద్దు. బడిలో బస పడితే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఇరవై కిలోలు. దానితో ఒంటికాలి స్క్వాట్, రోయింగ్ రెండూ అవుతాయి. సంచిలో రబ్బరు బ్యాండు ఒకటి పడేసుకుంటే భుజాలకూ దారి దొరికినట్టే.

బరువైన స్క్వాట్ నొప్పి 12 నుంచి 24 గంటల్లో మొదలై మూడు రోజుల దాకా ఉంటుంది. నిమజ్జనం ఊరేగింపుకు, గస్తీకి ముందు రెండు రోజులు కాళ్ల జోలికి పోవద్దు. ఫైరింగ్ రేంజికి ముందు రోజు డెడ్‌లిఫ్ట్, బైసెప్స్ వద్దు, అలసిన ముంజేయి గురిని వణికిస్తుంది. కాళ్ల కసరత్తు చేసిన మర్నాడే ఎండలో నడవాల్సి వచ్చి, మూత్రం కోలా రంగులో వస్తే అది వేడి చేయడం కాదు. కండ విరిగి దాని పదార్థం మూత్రపిండాల్లోకి దిగుతోందన్నమాట. సల్ల తాగి పడుకోకుండా అదే పూట దవాఖానాకు పోవాలి. పరుగు కూడా మానకూడదు. వారానికి రెండుసార్లు: ఒకసారి 25 నిమిషాలు మెల్లగా, ఒకసారి 400 మీటర్లు ఆరుసార్లు. బరువుల తర్వాతే, ముందు కాదు. దొంగ వెంట 300 మీటర్లు పరుగెత్తలేని పోలీసు ఎన్ని పతకాలు తెచ్చినా ఠాణాకు లాభం లేదు.

రాత్రి డ్యూటీ దిగి నేరుగా జిమ్ముకు పోవడం చాలామంది చేసే తప్పు. ముందు పడుకోవాలి. పొద్దున తొమ్మిదింటికి పడుకుని రెండింటికి లేచి, నాలుగింటికి కసరత్తు, మళ్లీ డ్యూటీకి ముందు గంటన్నర కునుకు. చాయ్ తెల్లవారుజామున రెండు దాటాక వద్దు, కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది. 2010లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో ఒకే తిండి తింటూ ఎనిమిదిన్నర గంటలకు బదులు ఐదున్నర గంటలే పడుకునే ఏర్పాటు చేస్తే, తగ్గిన బరువులో కొవ్వు వాటా 55 శాతం పడిపోయింది, కండ నష్టం 60 శాతం పెరిగింది. రాత్రి డ్యూటీ నెలలో బరువు తగ్గించే పని పెట్టుకోవద్దని నేను అనేది అందుకే.

ఏటా జరిగే వైద్య పరీక్షలో ఒక చిక్కు వస్తుంది. 170 సెంటీమీటర్ల ఎత్తు, 84 కిలోల బరువు అంటే బీఎంఐ 29. కాగితం మీద లావుపాటి మనిషి. నడుము కొలత కూడా రాయమని డాక్టరును అడగండి. కండ ఎక్కువున్నవారికి, క్రియేటిన్ అనే సప్లిమెంట్ పొడి వాడేవారికి రక్తంలో కిడ్నీ పనిని చూపే క్రియేటినిన్ కాస్త ఎక్కువగా చూపిస్తుంది. వాడుతున్నది దాచకుండా చెప్పి సిస్టాటిన్ సి పరీక్ష అడిగితే కిడ్నీ సంగతి సరిగ్గా తేలుతుంది. భయపడి పరీక్షకు ముందు మూడు రోజులు నీళ్లు లీటర్లకొద్దీ తాగేవాళ్లున్నారు, అవసరం లేదు.

పోజుల గురించి రెండు మాటలు. తప్పనిసరి పోజులు ఏడు. ఒక్కోటి ఇరవై సెకన్లు, ముఖం బిగపట్టకుండా, ఊపిరి ఆపకుండా. చివరి ఆరు వారాలు రోజూ పదిహేను నిమిషాలు. దీనికి జిమ్ము అక్కర్లేదు, క్వార్టర్లో అద్దం చాలు. అందరికంటే మంచి ఒళ్లుండి పోజు రాక వెనకబడేవాళ్లను ప్రతి పోటీలో చూస్తాం.

పోటీ అయిన మర్నాడు సెలవు ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉండేలా చూసుకోండి. ఆ రాత్రి తిన్న తిండికి రెండు మూడు రోజుల్లో నాలుగైదు కిలోలు పెరుగుతుంది, పాదాలు వాస్తాయి, బూటు పట్టదు. అది నీరు, వారంలో దిగుతుంది. ఉపవాసంతో దాన్ని దించాలని చూడొద్దు. మొదటి వారం 2,500 కెలోరీలు, ఫిబ్రవరి నడిమికి 2,800. పరుగు రెండో వారం నుంచి, బరువైన స్క్వాట్ మూడో వారం నుంచి. శివరాత్రికి మార్కండాలో వైనగంగ ఒడ్డున జనం మధ్య పన్నెండు గంటలు నిలబడే రోజుకు ఆ ఒళ్లు మళ్లీ 74, 75 కిలోలకు వచ్చి ఉండాలి.